క్యాన్సర్ పేషెంటుని కాగితం పెట్టి అడగండి, ఆ కాగితం చదివే మనిషిని కూడా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో క్యాన్సర్ గురించి వచ్చే వార్తలు వదలకుండా చదువుతాను. ఫలానా ఆస్పత్రికి కొత్త రేడియేషన్ మెషిన్ వచ్చిందనో, ఫలానా చోట రోబోతో ఆపరేషన్ చేశారనో, తొలిదశలో కనిపెడితే నయమవుతుందనో రాస్తుంటారు. అవన్నీ జనానికి తెలియాల్సినవే. కానీ ట్రీట్‌మెంట్ నడుస్తున్న మనిషి ఈ వారం సరిగ్గా తిన్నాడా, కంటికి కునుకు పట్టిందా, నొప్పి ఎంత ఉంది, మనసెలా ఉంది, ఇల్లెలా గడుస్తోంది అని ఆ మనిషినే పద్ధతిగా అడిగి, రాసుకుని, రాసుకున్నదాని మీద ఏదో ఒకటి చేసే ఏర్పాటు నాకు తెలిసిన ఆస్పత్రుల్లో ఎక్కడోగానీ లేదు. దాని గురించే ఈ ఉత్తరం. నేను క్యాన్సర్ డే కేర్ వార్డులో స్టాఫ్ నర్సుని. కీమో ఎక్కించడం నా రోజువారీ పని.

ఓపీలో ఏం జరుగుతుందో లోపలికి వెళ్లొచ్చిన వాళ్లందరికీ తెలుసు. డాక్టరు గారు సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టు చూస్తారు, స్కాన్ చూస్తారు, తలెత్తి "ఎలా ఉందమ్మా?" అంటారు. "బాగానే ఉంది సార్" అంటుంది పేషెంటు. నెక్స్ట్ కీమో సైకిల్‌కి రాసేస్తారు. బయట బెంచీల మీద ఇంకా బోలెడు మంది కూర్చుని ఉంటారు, పాపం డాక్టర్లని మాత్రం ఏమంటాం? అదే మనిషి కాసేపటికి డే కేర్‌కి వచ్చి, చేతికి క్యాన్యులా (మందు ఎక్కించే సూది గొట్టం) పెడుతుండగా మొదలుపెడుతుంది. "సిస్టరమ్మా, నోరంతా పూసిందమ్మా, మజ్జిగ తప్ప ఏదీ దిగట్లేదు." లోపల చెప్పాల్సిన మాట అది. చెప్పి ఉంటే మందు రాసేవాళ్లు, అవసరమైతే సైకిల్ వారం వెనక్కి జరిపేవాళ్లు.

సార్‌కి ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో కారణం. అంత పెద్ద డాక్టరు ముందు మలబద్ధకం సంగతి ఏం చెప్తాం అంటారు కొందరు. చెప్తే కీమో ఆపేస్తారేమో, ఆపేస్తే జబ్బు తిరగబెడుతుందేమో అన్న భయం చాలామందిలో ఉంటుంది. మళ్లీ ఏదో టెస్టు రాస్తారు, దానికి డబ్బులెక్కడివని కొందరు గమ్మునుంటారు. పక్కన కొడుకు నిలబడి ఉంటే వాడు బెంగపెట్టుకుంటాడని కొందరు అసలు నోరు విప్పరు. ఇంకా ఘోరం ఏంటంటే, అడిగేది పేషెంటుని, జవాబు చెప్పేది వెంట వచ్చిన అల్లుడు. "బాగానే తింటున్నారు సార్" అని ఆయనే చెప్పేస్తాడు, పేషెంటు అవునన్నట్టు తల ఊపుతాడు. కొన్ని ఇళ్లల్లో జబ్బు పేరు కూడా చెప్పరు, గడ్డకి మందు ఎక్కించాలని చెప్పి తీసుకొస్తారు. అలాంటి మనిషి ఏ బాధని దేనికి ముడిపెట్టి చెప్పగలడు?

మా దగ్గరికి పూలు అమ్ముకునే ఒకావిడ రొమ్ము క్యాన్సర్‌కి వారం వారం ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుకోవడానికి వచ్చేది. ఓపిక ఉన్న మనిషి, ఎప్పుడడిగినా నవ్వుతూ బాగానే ఉన్నానని చెప్పేది. ఒకరోజు సెలైన్ నడుస్తుండగా ఒడిలో మల్లెమొగ్గలు పోసుకుని మాల కట్టబోయింది, దారం ముడి పడట్లేదు. మొగ్గ వేళ్ల మధ్య ఉందో జారిందో కూడా తెలియట్లేదని అప్పుడు చెప్పింది. వేళ్ల చివర్లు మొద్దుబారి చాలా రోజులైందట, ఇంట్లో జాకెట్టు హుక్కులు కూతురు పెడుతోందట. ఆ మందుతో నరాలు దెబ్బతిని తిమ్మిర్లు రావడం మాకు కొత్తేం కాదు. ముందే తెలిస్తే డోసు తగ్గిస్తారు, గ్యాప్ ఇస్తారు, మందు మారుస్తారు. ఆలస్యమైతే కొందరికి ట్రీట్‌మెంట్ అయిపోయాక కూడా ఆ మొద్దుబారడం పోదు. వేళ్లే ఆధారంగా బతికే మనిషికి అదెంత నష్టమో ఆలోచించండి. "వేళ్లలో, కాళ్లలో తిమ్మిర్లున్నాయా? హుక్కులు పెట్టుకోవడం కష్టంగా ఉందా?" అని ప్రతిసారీ పేరుపెట్టి అడిగి ఉంటే ఆ మాట చాలా ముందే బయటికొచ్చేది. రక్తపరీక్షలో తిమ్మిరి కనిపించదు. స్కాన్‌లో దిగులు కనిపించదు. అవి తెలిసేది పేషెంటుకి మాత్రమే.

ఇలా అడగడానికి ప్రపంచంలో ఎప్పటినుంచో ప్రశ్నపత్రాలున్నాయి. యూరప్‌లో క్యాన్సర్ పరిశోధనలు చేసే ఈఓఆర్‌టీసీ అనే సంస్థది క్యూఎల్‌క్యూ-సీ30 అని ఒకటుంది, 1993 నుంచి వాడుతున్నారు, తెలుగుతో సహా ఎన్నో భాషల్లో దొరుకుతుంది. మొత్తం 30 ప్రశ్నలు. బయట కాస్త దూరం నడవడానికే ఇబ్బందిగా ఉందా, పగలు మంచానికో కుర్చీకో అతుక్కుపోవాల్సి వస్తోందా, తినడానికి, బట్టలు కట్టుకోవడానికి, స్నానానికి ఒకరి సాయం కావాల్సి వస్తోందా అని మొదలై నొప్పి, నిద్ర, ఆయాసం, ఆకలి, వాంతులు, విరేచనాలు, చిరాకు, దిగులు, మతిమరుపు దాకా వెళ్తాయి. చాలా ప్రశ్నలు గడిచిన వారం గురించే. జవాబుకి నాలుగు గడులు, అసలు లేదు నుంచి చాలా ఎక్కువ వరకు. చివరి రెండు మాత్రం మీ ఆరోగ్యం మొత్తం మీద ఎలా ఉంది, మీ జీవితం మొత్తం మీద ఎలా ఉంది అని అడిగి 1 నుంచి 7 దాకా మార్కు వేయమంటాయి. దీనికి తోడు ఒక్కో క్యాన్సర్‌కి విడిగా ఇంకో కాగితం ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ దాంట్లో చెయ్యి వాచిందా, చెయ్యి పైకెత్తగలుగుతున్నారా, మీ ఒంటిని చూసుకుంటే మీకెలా అనిపిస్తోంది అని ఉంటాయి.

నోరు, గొంతు క్యాన్సర్లకి ఉన్న 35 ప్రశ్నల కాగితంలో, ఇంట్లోవాళ్ల ముందు కూర్చుని తినడానికి ఇబ్బందిగా ఉందా అని ఒక ప్రశ్న ఉంది. మొదటిసారి చదివినప్పుడు దాని దగ్గరే ఆగిపోయాను. గుట్కాతో, ఖైనీతో, చుట్టతో నోరు పాడైనవాళ్లు మన దగ్గర ఎంతమందో మీకు తెలియంది కాదు, ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని) తాగి అంగిట్లో క్యాన్సర్ తెచ్చుకునే ఆడవాళ్లు ఇప్పటికీ వస్తారు. ఆపరేషనై, కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నాక నోరు సరిగ్గా తెరుచుకోదు, ఉమ్మి ఊరదు, తాగిన జావ పెదవి పక్కనుంచి కారుతుంది. మనవలు చూస్తారని సిగ్గుపడి, పళ్లెం తీసుకుని పెరట్లోకి వెళ్లి తినే మగవాళ్లున్నారు. పెళ్లిళ్లకి వెళ్లడం మానేస్తారు. ఈ సంగతి ఏ ఓపీ చీటీలోనూ ఉండదు. అడిగితే, ఎవరైనా పట్టించుకుంటే, దవడ వ్యాయామాలు నేర్పొచ్చు, మింగడం నేర్పే థెరపిస్టు దగ్గరికి పంపొచ్చు, ఏం తింటే తేలిగ్గా దిగుతుందో చెప్పొచ్చు.

30 ప్రశ్నలు ఎక్కువనుకుంటే ఇంకా చిన్నవున్నాయి. కెనడాలోని ఎడ్మంటన్‌లో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధలు తగ్గించే వైద్యం) డాక్టర్లు 1991లో పెట్టిన పద్ధతిలో ఒక్క పేజీయే ఉంటుంది. నొప్పి, నీరసం, వికారం, నిద్రమత్తు, ఆకలి, ఆయాసం, దిగులు, కంగారు, మొత్తం మీద ఎలా ఉంది, ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా అంకె. మనవాళ్లకి ఈ అంకెలు అర్థం కావు అనేవాళ్లకి ఒక్క మాట చెప్పాలి. మా వార్డులో పెద్దవాళ్లు అడక్కుండానే కొలత చెప్తారు. "నొప్పి రూపాయికి పావలా తగ్గిందమ్మా", "ఈ మాత్ర వేసుకుంటే ముప్పావలా పోతోంది" అంటారు. చదువు రాని వాళ్లు కూడా అంత కచ్చితంగా చెప్తుంటే రాసుకునే కాగితం మన దగ్గర లేదు, అంతే.

ఇదంతా ఒట్టి ఓదార్పు కోసం అనుకునేవాళ్ల కోసం ఒక పరిశోధన గురించి రాస్తాను. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో డాక్టర్ ఈథన్ బాష్ బృందం, జబ్బు ఒంట్లో వేరే చోట్లకి పాకి కీమో తీసుకుంటున్న 766 మందితో చేశారు. ఒక వర్గానికి మామూలు వైద్యం. ఇంకో వర్గం, మామూలుగా కనిపించే 12 బాధల గురించి కంప్యూటర్‌లో తామే చెప్పుకోవాలి, ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకి వారం వారం గుర్తుచేసేవాళ్లు. ఏదైనా బాధ ముదిరినా, బాగా ఎక్కువగా ఉందన్నా వెంటనే నర్సుకి ఈమెయిల్ వెళ్లేది. నర్సులు నాలుగింట మూడొంతులకు పైగా సందర్భాల్లో ఫోన్ చేయడమో, మందు మార్పించడమో, రమ్మనడమో ఏదో ఒకటి చేశారు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం, జీవన నాణ్యత మెరుగుపడినవాళ్లు రెండో వర్గంలో 34 శాతం, మామూలు వర్గంలో 18 శాతం. ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి వచ్చినవాళ్లు రెండో వర్గంలో 34 శాతం, మామూలు వర్గంలో 41 శాతం. 2017లో ఇంకో లెక్క బయటికొచ్చింది, చెప్పుకున్నవాళ్లలో సగం మంది 31 నెలలకు పైగా బతికితే, మిగతావాళ్లలో సగం మంది 26 నెలలకు పైగా బతికారు. అన్నిటికంటే నాకు నచ్చింది, అంతకుముందు కంప్యూటర్ వాడకం తెలియనివాళ్లకి ఈ పద్ధతితో జరిగిన మేలు తెలిసినవాళ్లకంటే ఎక్కువ. చదువుకున్నవాళ్లకే పనికొచ్చేది అనే వాదన అక్కడే వీగిపోయింది.

దాని తర్వాత అమెరికాలోనే 52 చిన్నా పెద్దా ఆస్పత్రుల్లో 1191 మందితో ఇంకా పెద్దది చేశారు. అందులో కంప్యూటర్ వద్దనుకున్నవాళ్లు ఫోన్‌లో మీటలు నొక్కి కూడా జవాబు చెప్పారు. ఆయుష్షు పెరిగినట్టు ఈసారి తేలలేదు, ఆ మాట దాచడం నాకు ఇష్టం లేదు. కానీ ఒంట్లో ఓపిక, బాధలు, జీవన నాణ్యత మెరుగుపడ్డాయి, మొదటిసారి ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన రోజు వెనక్కి జరిగింది. నాకైతే అది చాలు. ఉన్నన్ని రోజులు మనిషి తిని, పడుకుని, ఇంట్లో నలుగురితో మాట్లాడుకుంటూ ఉండటం కంటే ఏం కావాలి? ఐరోపా క్యాన్సర్ వైద్యుల సంఘం ఎస్మో కూడా 2022లో ఈ పద్ధతిని మామూలు వైద్యంలో భాగం చేయమని మార్గదర్శకాలు ఇచ్చింది.

మరి మన దగ్గర? ఈ ప్రశ్నపత్రాలు మన ఆస్పత్రుల్లోకి రాలేదని కాదు. వచ్చాయి. ఎండీ విద్యార్థి థీసిస్ కోసం, మందుల కంపెనీ ట్రయల్ కోసం నింపిస్తారు. కరెంటు పెట్టించుకుని నీరసంగా ఉన్న మనిషి కూర్చుని అన్ని ప్రశ్నలకీ టిక్కులు పెడతాడు, చాలా దిగులుగా ఉందని, నొప్పి చాలా ఎక్కువని పెడతాడు. ఆ కాగితం ఫైల్లోకి పోతుంది, కొన్ని నెలల తర్వాత అందరి అంకెలూ కలిపి సగటు తీస్తారు. ఆ రోజు అతని నొప్పికి మాత్ర ఎవరూ ఇవ్వరు. ఇది నా కళ్లముందు జరిగింది, చాలాసార్లు జరిగింది. అడిగి పట్టించుకోకపోవడం అసలు అడక్కపోవడం కంటే దారుణం, ఎందుకంటే ఆ మనిషి ఇంకోసారి నోరు విప్పడు. అందుకే ప్రశ్నపత్రం ముద్రించడంతో పని అయిపోదని ఇంత గట్టిగా అంటున్నాను. జవాబు అదే రోజు ఎవరు చదవాలి, ఏ అంకె దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది పేరు రాసి గోడకి అంటించాలి. నొప్పి 7 అంటే పాలియేటివ్ డాక్టరుకి. జ్వరం 100.4 దాటితే వెంటనే ఆస్పత్రికి, ఇంట్లో డోలో వేసుకుని కూర్చోకూడదు. దిగులు ఎక్కువగా ఉందంటే కౌన్సెలర్‌కి, కౌన్సెలర్ లేకపోతే కనీసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్ టెలిమానస్ 14416కి, అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నొప్పి విషయంలో ఇంకో చిక్కు ఉంది. పేషెంటు పదికి తొమ్మిది అని చెప్తే ఇవ్వడానికి మార్ఫిన్ ఉండాలి కదా. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో సవరణ చేసి ఆస్పత్రులు మార్ఫిన్ తెచ్చుకోవడం తేలిక చేశారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణ విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది, తెలంగాణలో జిల్లాల్లో కూడా పాలియేటివ్ కేర్ సెంటర్లు పెట్టారు. అయినా జిల్లా దాటి ఊళ్లోకి వెళ్తే ఆ మాత్ర దొరకదు, దొరికినా అలవాటైపోతుందని ఇంట్లోవాళ్లే వేయనివ్వరు. ప్రతి వారం నొప్పి అంకెలు రాస్తూ పోతే ఏ జిల్లాలో ఎంతమంది నొప్పితో ఉన్నారో ప్రభుత్వానికి లెక్క వస్తుంది, లెక్క ఉంటే మందు ఇవ్వమని గట్టిగా అడగొచ్చు.

డబ్బు సంగతి కూడా రాయాలి. క్యూఎల్‌క్యూ-సీ30లో 28వ ప్రశ్న అదే, మీ జబ్బు వల్ల, వైద్యం వల్ల డబ్బుకి ఇబ్బంది అవుతోందా అని. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కీమోకి, ఆపరేషన్‌కి, కరెంటుకి పేదవాళ్లు ఆస్తులమ్ముకోవాల్సిన పరిస్థితి చాలా తగ్గింది, అది నా కళ్లతో చూశాను. కానీ నోటి క్యాన్సర్‌కి వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు కరెంటు పెడతారు. ఊరు నుంచి రోజూ రాలేరు, ఆస్పత్రి దగ్గర గది తీసుకోవాలి, తోడుగా ఒకరు కూలి మానుకుని ఉండాలి, అద్దె, తిండి, ఆటో. మెడలో గొలుసు తాకట్టులోకి వెళ్లేది ఇక్కడే. సగంలో ట్రీట్‌మెంట్ మానేసి వెళ్లిపోయేవాళ్లలో చాలామంది మందుకి డబ్బు లేక కాదు, గదికి డబ్బు లేక వెళ్లిపోతారు. ఆ ప్రశ్న ముందే అడిగితే ఆరోగ్యమిత్రకో, సోషల్ వర్కర్‌కో చెప్పి ఏదైనా సత్రం చూడొచ్చు. రైల్వేలో క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్ క్లాసు టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చేవాళ్లకి 75 శాతం రాయితీ, ఆస్పత్రి సంతకం పెట్టిన ఫారం చాలు. ఈ సంగతి తెలియక డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లు మా వార్డులో ఇప్పటికీ ఉన్నారు.

టైమ్ లేదంటారు. డాక్టర్లకి నిజంగానే లేదు. పేషెంటుకి మాత్రం ఉంది. పొద్దున రక్తం ఇచ్చి రిపోర్టు వచ్చేదాకా గంటలు గంటలు బెంచీ మీద కూర్చునే ఉంటాడు కదా, అప్పుడు అడగొచ్చు. చదవగలిగినవాళ్లు వాళ్లే నింపుకుంటారు. చదవలేని వాళ్లకి నర్సో, శిక్షణ ఇచ్చిన వాలంటీరో చదివి వినిపించాలి, కాస్త పక్కకి తీసుకెళ్లి, ఇంట్లోవాళ్లు వినకుండా. ఆడవాళ్లకి ఆడవాళ్లే చదవాలి, లేకపోతే మూత్రం సంగతి, భర్తతో ఉండే సంగతి ఏ ఆడమనిషీ చెప్పదు. డాక్టరు గారి టేబుల్ మీదికి వెళ్లేసరికి కేస్ షీట్ పైన ఎర్ర పెన్నుతో రెండే రెండు మాటలు ఉంటే చాలు, నోటిపూత, నిద్ర లేదు అని. ఆయనకి అర నిమిషం పని. సైకిల్‌కి సైకిల్‌కి మధ్య ఇంటి దగ్గరున్నప్పుడు ఒక ఫోన్ కాల్. ఆశా కార్యకర్తల చేత చేయించొచ్చని అంటున్నారు, వాళ్ల నెత్తిన ఇప్పటికే ఉన్న పని చూస్తే నాకు ఆ ఆలోచన నచ్చలేదు, ఆస్పత్రిలోనే ఒక నర్సుకి ఆ పని అప్పగించాలి, ఆమెకి వేరే డ్యూటీ వేయకూడదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీలోనూ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలోనూ క్యాన్సర్ ప్యాకేజీలున్నాయి. ఆపరేషన్‌కి రేటుంది, కీమో సైకిల్‌కి రేటుంది. పేషెంటుని అడిగి, విని, ఫోన్ చేసి కనుక్కునే నర్సు పనికి కూడా ఆ ప్యాకేజీలో కొంత కేటాయించాలని రెండు ప్రభుత్వాల ఆరోగ్య మంత్రులని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. క్లెయిమ్‌తో పాటు పేషెంటు నింపిన కాగితం, దాని మీద ఏం చేశారో రాసిన చీటీ జతచేయాలని నిబంధన పెడితే అన్ని ఆస్పత్రులూ దారికొస్తాయి. అంకె తగ్గించి రాయించే ఆస్పత్రులు ఉండొచ్చు. అందుకే మంచి మార్కులకి కాదు, అడిగి స్పందించినందుకు డబ్బులివ్వాలి.

మీకు కూడా ఒక విన్నపం. ఈఓఆర్‌టీసీ ప్రశ్నపత్రం వాడాలంటే వాళ్ల అనుమతి తీసుకోవాలి, అది ఆస్పత్రులు చూసుకుంటాయి. ఈలోగా మీ ఆరోగ్యం పేజీలో పెద్ద అక్షరాలతో ఓ పది ప్రశ్నలు సొంతంగా వేయండి, పక్కనే టిక్కు పెట్టుకోవడానికి గడులు ఇవ్వండి. నొప్పి, నోటిపూత, తిండి, వాంతులు, విరేచనాలు లేదా మలబద్ధకం, తిమ్మిర్లు, నిద్ర, ఆయాసం, దిగులు, డబ్బు ఇబ్బంది. ఓపీకి వచ్చే ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని పేషెంటే నింపుకుని, కత్తిరించి, రిపోర్టుల కవర్లో అన్నిటికంటే పైన పెట్టుకుని రమ్మనండి. డాక్టరు గారు ఎలా ఉందని అడిగితే నోటితో చెప్పలేనివాళ్లు ఆ కాగితం చేతికిస్తారు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, క్యాన్సర్ డే కేర్ వార్డు
(పేరు, ఆస్పత్రి పేరు ప్రచురించవద్దని మనవి)